విమానంలో కాళ్లు చాపుకునే సీటు పట్టడం ఎలా?

కావలసినవి మూడే: ఫోను, పీఎన్‌ఆర్ నంబరు, కొలత టేపు. గోడకు నడుము ఆనించి స్టూలు మీద కూర్చుని, గోడ నుంచి మోకాలి చిప్ప దాకా ఎన్ని అంగుళాలో కొలిచి రాసి పెట్టుకోండి, సీట్ల మధ్య దూరంతో పోల్చి చూసుకోవడానికి.

1. టికెట్ కొనకముందే విమానం ఏ రకమో, సీటు పిచ్ ఎంతో చూడండి. ఎకానమీలో మామూలుగా 28 నుంచి 32 అంగుళాలు ఉంటుంది. అదంతా మోకాళ్లకే అనుకుంటారు చాలామంది. కాదు. పిచ్ అంటే ఒక సీటు మీద ఒక చోటి నుంచి ముందు సీటు మీద అదే చోటికి ఉన్న దూరం. సీటు వీపు మందం కూడా అందులోదే. అందుకే పలచని సీట్లున్న 29 ఒక్కోసారి దళసరి సీట్లున్న 30 కన్నా నయం.

2. ఇక సీట్ మ్యాప్. డబ్బు దండగయ్యేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూడండి. ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ అని రంగు వేసి చూపించే సీట్లన్నీ ఒకటి కావు.

మొదటి వరసలో, అంటే బల్క్‌హెడ్ (ఎదురుగా ఉండే అడ్డుగోడ) దగ్గర, ముందు సీటు ఉండదు గనక మీ మీదికి ఎవరూ వాలరు. మోకాళ్లకు హాయి. కానీ కాళ్లు చాపితే పాదాలు గోడకు తగులుతాయి. బ్యాగు పెట్టుకోడానికి ముందు సీటు ఉండదు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ పైన పెట్టాల్సిందే. ట్రే ఆర్మ్‌రెస్ట్‌లో దూరి ఉంటుంది కాబట్టి ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు. పెద్ద విమానాల్లో పసిపిల్లల ఉయ్యాల తగిలించేదీ ఈ గోడకే. పొడుగాటి మనిషి ఈ వరస జోలికి పోకూడదు.

ఎగ్జిట్ రో, అంటే అత్యవసర తలుపు పక్కనుండే వరస, వేరు. ఎ320, బోయింగ్ 737-800 లాంటి వాటిలో సాధారణంగా రెక్క మీద రెండు ఎగ్జిట్ వరసలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుది తీసుకుంటే సీటు వెనక్కి వాలదు, వాలితే వెనకవాళ్లకు తలుపు దారి మూసుకుపోతుంది. రెండోది మామూలుగా వాలుతుంది. కనుక రెండోదే తీసుకోండి, అదీ ఐల్ సీటే, అంటే నడవ పక్కది. ఎగ్జిట్ రోకి సరిగ్గా ముందుండే వరసను మాత్రం చచ్చినా ముట్టుకోవద్దు: వాలదు, చోటూ ఎక్కువుండదు. పెద్ద విమానాల్లో తలుపు పక్క కిటికీ సీటూ మోసమే. అత్యవసరంగా దిగే జారుడుబల్ల మడిచిపెట్టిన పెట్టె తలుపులోంచి ఉబ్బి, కిటికీ వైపు కాలికి అడ్డం వస్తుంది.

ఎగ్జిట్ రోకి షరతులుంటాయి. తలుపు తీయగలగాలి, సిబ్బంది మాట అర్థం కావాలి, ఒళ్లో పసిబిడ్డ ఉండకూడదు, బెల్టుకు ఎక్స్‌టెన్షన్ అవసరం పడకూడదు. అమెరికా నిబంధన ప్రకారం 15 ఏళ్లు నిండాలి. దాచిపెట్టి కూర్చుంటే అక్కడికక్కడే లేపి వేరే చోట కూర్చోబెడతారు.

3. వరస ఖాయమయ్యాక డబ్బు కట్టేయండి. “చెకిన్ దాకా ఆగు, ఉచితంగా వస్తుంది” అనే సలహా వినొద్దు. చాలా సంస్థలు ఈ సీట్లకు అప్పుడు కూడా డబ్బే అడుగుతాయి, అప్పటికి మిగిలేవి మధ్య సీట్లు. పైసా పెట్టనంటే వెబ్ చెకిన్ తెరిచే నిమిషానికే, సంస్థను బట్టి బయలుదేరే 24 లేదా 48 గంటల ముందు, అలారం పెట్టుకోండి.

4. కొన్నాక మరిచిపోవద్దు. సంస్థ విమానం మార్చితే వరసల నంబర్లూ మారతాయి, మీ 13వ వరస రెక్క వెనక్కి పోయి కూర్చుంటుంది. రెండు రోజుల ముందు ఒకసారి, చెకిన్‌లో మరోసారి మ్యాప్ తెరిచి చూడండి. సీటు పోతే దానికి కట్టిన డబ్బు అడగండి, అందుకు ఆ రసీదు దాచుకోండి.

ఇవేవీ కుదరకపోతే బోర్డింగ్ మొదలయ్యే ముందు గేటు దగ్గర అడగండి. “మంచి సీటు ఉందా” అంటే లేదంటారు. “ఎగ్జిట్ రోలో ఐల్ ఏదైనా ఖాళీగా మిగిలిందా” అని అడిగితే స్క్రీన్ చూస్తారు.