వెబ్‌సైట్ అమ్మబోతున్నారా? బేరానికి ముందు, అప్పగింతలో పడాల్సిన జాగ్రత్తలు

సైట్ అమ్మేవాళ్లు బేరం దగ్గర బాగానే జాగ్రత్తపడతారు. దెబ్బ తినేది అప్పగింత దగ్గర. ధరలో పాతికవేలు తగ్గితే మనసు కాస్త చివుక్కుమంటుంది, అంతే. సైట్ అడ్రస్ పేరు, అంటే డొమైన్, ముందు చేతులు మారి డబ్బు రాకపోతే మిగిలేది ఏమీ లేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కూర్చుని అమ్మేవారికి, కొనేవాడు సూరత్‌లో ఉన్నాడో దుబాయ్‌లో ఉన్నాడో కూడా తెలీదు. పొలం అమ్మితే మధ్యలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసైనా ఉంటుంది, దీనికి అదీ లేదు. అందుకే ఏది ముందు ఇవ్వాలి, ఏది ఆఖర్న ఇవ్వాలి అన్న వరసే ఇక్కడ అసలు రక్ష.

మూడు నెలల ముందే చూసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: డొమైన్ ఎవరి పేరున ఉంది? మన జిల్లాల్లో షాపులకీ, కాలేజీలకీ, లోకల్ న్యూస్ సైట్లకీ డొమైన్ కొనిపెట్టేది వెబ్ డిజైనరే. తన సొంత ఖాతాలో, తన ఈమెయిల్ మీద కొనేస్తాడు. ఏటా రెన్యువల్ డబ్బు మీరే కడుతున్నా, డొమైన్ నమోదు చేసే కంపెనీ (రిజిస్ట్రార్) లెక్కల్లో ఓనరు అతనే. అమ్మకం మాట బయటికి పొక్కిన తర్వాత అడిగితే రేటు మాట్లాడతాడు. కాబట్టి సైట్ అమ్మే ఆలోచన ఎవరికీ చెప్పకముందే, "అబ్బాయ్, డొమైన్ నా ఖాతాలోకి పుష్ చేసెయ్" అని అడిగి తెచ్చుకోండి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. డాట్ కామ్ లాంటి డొమైన్లను కొత్తగా రిజిస్టర్ చేసినా, ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చినా 60 రోజులు కదలనివ్వరు. చాలామంది రిజిస్ట్రార్లు ఓనరు పేరు, ఈమెయిల్ మార్చినా అదే తాళం వేస్తారు. అమ్మే ముందు వివరాలు శుభ్రంగా పెడదామని పేరు దిద్దిన వాళ్లు, కొనేవాడు డబ్బు పట్టుకుని కూర్చున్నాక రెండు నెలలు ఆగమని చెప్పాల్సి వస్తుంది. మార్పులేవైనా ఉంటే మూడు నెలల ముందు అనేది అందుకే. అదే రిజిస్ట్రార్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పుష్ చేయడం చాలాచోట్ల నిమిషాల పని, కాబట్టి కొనేవాడిని మీ రిజిస్ట్రార్ దగ్గరే ఖాతా తెరవమని అడగడం మంచి పద్ధతి.

రెండోది, రాతల హక్కు. ఇది ఎవరూ పట్టించుకోరు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం జీతం మీద పనిచేసే ఉద్యోగి రాసింది సాధారణంగా యజమానిది. ఆర్టికల్‌కి ఇంత అని తీసుకుని రాసిన బయటివాళ్లది మాత్రం వాళ్లదే, మీరు డబ్బు ఇచ్చినా సరే. హక్కు మీకు రావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితమని చట్టం అనుకుంటుంది. రాసినవాళ్లు మంచి మాట మీద ఉన్నప్పుడే ఒక పేజీ కాగితం మీద సంతకాలు తీసుకోండి. గూగుల్‌లో దొరికిన ఫొటోలు పెట్టి ఉంటే తీసేయండి. ఉచితంగా దొరికిందని వేసిన పైరేటెడ్ థీమ్ (సైట్ రూపాన్ని ఇచ్చే డిజైన్) ఉంటే అసలుది కొని మార్చండి. కొనేవాడి మనిషి స్కాన్ చేయగానే దాంట్లో దాగిన కోడ్ బయటపడుతుంది, బేరం అక్కడే చెడుతుంది.

ధర కట్టడం

కొనేవాడికి సైట్ అందంతో పనిలేదు, నెలకి చేతికి ఎంత మిగులుతుందో కావాలి. గత 12 నెలల నికర లాభం సగటు తీసి, దాన్ని కొన్ని నెలలతో హెచ్చవేస్తారు. చిన్న సైట్లకి 24 నుంచి 36 నెలల మధ్య బేరం నడవడం మామూలు.

విజయనగరంలో ఒకరికి ఉద్యోగ నోటిఫికేషన్లు, పరీక్షా ఫలితాల సైట్ ఉందనుకోండి. ఏడాదికి యాడ్స్ మీద 5,40,000 రూపాయలు వచ్చాయి, అంటే నెలకి 45,000. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ అద్దె), డొమైన్, ప్లగిన్లు (సైట్‌కి జోడించే చిన్న సాఫ్ట్‌వేర్లు) కలిపి నెలకి 2,000, రాసేవాళ్లకి 9,000. మిగులు 34,000. దాన్ని 36తో హెచ్చవేసి 12,24,000 అని గట్టిగా చెప్పేస్తారు ఓనర్లు. కానీ రోజూ రెండు గంటలు కూర్చుని పోస్టులు పెట్టేది ఓనరే. కొన్నవాడు ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి కదా, నెలకి 9,000 అనుకున్నా మిగిలేది 25,000. ఇప్పుడు 24 నెలలకి 6 లక్షలు, 30కి ఏడున్నర, 36కి 9 లక్షలు. బేరం జరగాల్సింది ఈ అంకెల మధ్య. మీ కష్టాన్ని మీరే లెక్కేసి ముందు పెడితే కొనేవాడికి మీ మిగతా అంకెల మీదా నమ్మకం కుదురుతుంది.

ఆదాయం ఏ నెలల్లో వస్తోందో దాచొద్దు. ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజుల్లో ట్రాఫిక్ ఎగబాకి తర్వాత పడిపోతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించిన పేజీలు దసరా తర్వాతి మంగళవారం చుట్టూనే తిరుగుతాయి. పలాస జీడిపప్పు అమ్మే సైట్‌కి పండగల ఆర్డర్లే ప్రాణం. మంచి మూడు నెలలు మాత్రమే చూపిస్తే తెలిసిన కొనుగోలుదారు మిగతా తొమ్మిదీ అడుగుతాడు. 12 నెలలు తప్పనిసరి, 24 చూపగలిగితే ఇంకా మేలు.

ధర తగ్గించేవి: ట్రాఫిక్ దాదాపు మొత్తం గూగుల్ సెర్చ్ నుంచే రావడం, ఆదాయం ఒకే చోట నుంచి రావడం, గత ఆరు నెలల గ్రాఫ్ కిందికి చూడటం. పెంచేవి: వాట్సాప్ ఛానెల్, యాప్ లాంటి సొంత దారులు, రెండేళ్లు దాటిన వయసు, రోజువారీ పని ఎలా చేయాలో రాసిపెట్టిన కాగితాలు. పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి సామాను లాంటి సరుకు అమ్మే సైట్ అయితే స్టాకు విలువ వేరుగా కట్టాలి. నేతగాళ్లతో, పనివాళ్లతో మీకున్న మాట కొన్నవాడికి దానంతటదే వెళ్లదు, పరిచయం చేయించే బాధ్యత ధరలో భాగమే. ఒట్టి డొమైన్ మాత్రమే అమ్మేటప్పుడు ఏ లెక్కా పనిచేయదు. ఆన్‌లైన్‌లో ఆటోమేటిక్‌గా చూపించే విలువను పట్టుకుని బేరమాడితే ఎదుటివాడు నవ్వుకుంటాడు.

కొనేవాడు నిజమైనవాడేనా

రెండు పాత మోసాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒకటి వాల్యుయేషన్ సర్టిఫికెట్. మీరు అడిగిన ధరకి వెంటనే ఒప్పుకుంటాడు, "ఫలానా చోట సర్టిఫికెట్ తీసుకోండి, మా పార్ట్‌నర్ అడుగుతున్నాడు" అంటాడు. ఆ ఫీజు కోసమే ఆ నాటకమంతా. రెండోది నకిలీ ఎస్క్రో. ఎస్క్రో అంటే సరుకు చేతులు మారేదాకా డబ్బుని తన దగ్గర పట్టి ఉంచే మధ్యవర్తి సంస్థ. అతను పంపిన లింకు నొక్కితే అచ్చం అసలుదానిలా ఉన్న పేజీ వస్తుంది, డబ్బు జమైందని చూపిస్తుంది. ఎస్క్రో అడ్రస్ మీరే చేత్తో టైప్ చేసి తెరవండి, అతని లింకు ఎప్పుడూ నొక్కొద్దు.

"ఒకసారి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వండి, లోపల చూస్తాం" అనేవాడికి ఇవ్వకండి. అడ్మిన్ దొరికితే మొత్తం రాతలూ, సభ్యుల ఈమెయిళ్లూ పది నిమిషాల్లో కాపీ అయిపోతాయి. సైట్‌కి ఎంతమంది వస్తున్నారో చూపే గూగుల్ అనలిటిక్స్‌లో చూసేందుకు మాత్రమే వీలుండే వ్యూయర్ అనుమతి ఇస్తే చాలు. ఆదాయం స్క్రీన్‌షాట్లు ఎవరైనా తయారు చేయగలరు కాబట్టి వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి, పేజీ రిఫ్రెష్ చేసి చూపించండి. యాడ్‌సెన్స్ (గూగుల్ యాడ్స్ డబ్బు వచ్చే ఖాతా) అంకె, బ్యాంకులో పడిన అంకె పక్కపక్కన చూపిస్తే మాటలు తగ్గుతాయి.

డబ్బు కొనేవాడి సొంత పేరున ఉన్న ఖాతా నుంచే రావాలి. పాన్, ఖాతా పేరు, అగ్రిమెంట్‌లో పేరు మూడూ ఒకటే ఉండాలి. "మా బావ ఖాతా నుంచి వేస్తున్నాం" అంటే వద్దనండి. సైబర్ మోసంలో కొట్టేసిన డబ్బు అలా వచ్చి పడితే, పోలీసు ఫిర్యాదు మీద మీ ఖాతాయే ఫ్రీజ్ అవుతుంది. "ఎక్కువ పంపాం, మిగతాది వెనక్కి వేయండి" అన్నా మీ అంతట మీరు తిరిగి పంపకుండా బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన డబ్బుని ఎస్సెమ్మెస్‌లో కాదు, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసి నమ్మాలి. చెక్కు క్లియర్ కాకుండా ఏదీ కదపొద్దు. మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద కన్నం

సైట్ పేరుతోనే ఉన్న ఈమెయిల్ సంగతి చూడండి. డొమైన్ కొత్తవాడి చేతికి వెళ్లిందంటే, ఆ డొమైన్ మీద వచ్చే ప్రతి ఈమెయిల్ ఇకపై అతనికే చేరుతుంది. మీ యాడ్‌సెన్స్, బ్యాంకు, ఫేస్‌బుక్ పేజీ, కరెంటు బిల్లు ఖాతా, ఏదైనా ఆ ఈమెయిల్‌తో తెరిచి ఉంటే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని ఒక్కసారి నొక్కితే చాలు. అతను మంచివాడే అయినా, ఆ తర్వాత అతని దగ్గర కొన్నవాడు ఎవరో తెలీదు. అప్పగింతకి నెల ముందే ఆ ఇన్‌బాక్స్ తెరిచి, ఏడాది వెనక్కి వెళ్తూ ఎక్కడెక్కడి నుంచి మెయిళ్లు వస్తున్నాయో రాసుకుని, ఒక్కొక్క ఖాతాలో మీ సొంత జీమెయిల్‌కి మార్చండి. ఆ నెల రోజుల్లో ఏవైనా వదిలిపోయినవి ఉంటే వాటంతట అవే బయటపడతాయి. పాత మెయిళ్ల కాపీ దింపి పెట్టుకోండి.

అప్పగింత వరస

యాడ్‌సెన్స్ ఖాతా అమ్మకానికి కుదరదు, గూగుల్ బదిలీ ఒప్పుకోదు. ఖాతాతో సహా ఇస్తామని మాట ఇవ్వకండి. కొన్నవాడు తన ఖాతాలో సైట్ చేర్చి అనుమతి తెచ్చుకోవాలి. అందుకు పట్టే రోజుల్లో ఆదాయం ఉండదని ముందే చెప్పాలి.

ఎస్క్రో ఉంటే: ఫీజు ఎవరు కట్టాలో తేల్చుకుని, డబ్బు ఎస్క్రోలో పడిందని మీ లాగిన్‌లో మీరు చూసుకున్నాకే కదలండి. ఫైళ్లు, డేటాబేస్ రెండిటి బ్యాకప్ తీయండి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే సైట్ లేవదు. దాన్ని కొనేవాడి హోస్టింగ్‌లో తాత్కాలిక అడ్రస్ మీద లేపి, అతను చూసి సరేనన్నాక డీఎన్‌ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) టీటీఎల్‌ని, అంటే పాత దారిని ఇంటర్నెట్ గుర్తుంచుకునే సమయాన్ని, 300 సెకన్లకి తగ్గించండి. ఒక రోజు ఆగి డీఎన్‌ఎస్ మార్చండి. డొమైన్ పుష్ ఆఖర్న. మీ పాత హోస్టింగ్‌ని రెండు వారాలు తీసేయకండి, ఏదైనా ఫొటో ఫోల్డర్ మిగిలిపోతే అక్కడి నుంచే తెచ్చుకోవాలి.

ఎస్క్రో లేకపోతే మూడు విడతలు: అగ్రిమెంట్ రోజున 20 శాతం, తాత్కాలిక అడ్రస్‌లో సైట్ నడుస్తోందని చూపించాక ఫైళ్లు ఇచ్చే ముందు 70, డొమైన్ చేరి వారం గడిచాక మిగిలిన 10. పేపాల్ ద్వారా డబ్బు వస్తే, కొన్నవాడు 180 రోజుల దాకా వివాదం వేయగలడని గుర్తుంచుకోండి. సైట్ లాంటి చేత్తో పట్టుకోలేని సరుకుకి అక్కడ అమ్మేవాడి రక్షణ బలహీనం.

అక్టోబర్, నవంబర్‌లలో అప్పగింత పెట్టుకోకపోవడమే మంచిది. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. టవర్ పడిపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే డొమైన్ కదలదు, ఎస్క్రోలో మాత్రం గడువు నడుస్తూనే ఉంటుంది. తప్పనిసరైతే అల్పపీడనం వార్త చూసి మొదలుపెట్టకుండా ఆగండి, అగ్రిమెంట్‌లో తుపాను రోజులకి గడువు పెంపు రాయించుకోండి. ఓటీపీ రాకపోయినా మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లేందుకు గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ముద్రించి ఉంచుకోండి.

కాగితం మీద

అగ్రిమెంట్‌లో ఏవేవి ఇస్తున్నారో పేరుపేరునా రాయాలి: డొమైన్, ఫైళ్లు, లోగో, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానెల్, సభ్యుల ఈమెయిల్ లిస్టు. ఇవ్వనివి కూడా రాయాలి. అమ్మకం తేదీకి ముందు వచ్చిన వార్త మీద ఎవరైనా పరువునష్టం నోటీసు పంపితే ఎవరు చూసుకోవాలి, లోకల్ న్యూస్ సైట్లకి ఈ వాక్యం తప్పదు. నేర్పించి పెట్టే కాలం 30 రోజులు, రోజుకి గంట అని హద్దు పెట్టండి, లేకపోతే ఏడాది తర్వాత కూడా రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది. "ఇలాంటి సైట్ మళ్లీ పెట్టకూడదు" అనే షరతు మామూలుగా చెల్లదని కొందరు ధైర్యంగా సంతకం చేస్తారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ వ్యాపారం అమ్మినప్పుడు దాని గుడ్‌విల్‌ (సంపాదించుకున్న మంచి పేరు) విషయంలో సబబైన ప్రాంత పరిమితితో ఆ షరతుని ఒప్పుకుంటుంది. ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, ఏ విషయం అన్నది చదివాకే సంతకం.

పన్ను దగ్గర ఇది వ్యాపార ఆదాయమా, మూలధన లాభమా అన్నది మీ ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి, ఎందుకంటే రేట్లు వేరు. మూలధన లాభమని తేలి, సైట్ 24 నెలలు దాటి మీ దగ్గర ఉంటే 2024 జులై 23 నుంచి రేటు 12.5 శాతం. స్వయంగా కట్టుకున్న సైట్‌కి కొన్న ధర సున్నా అనే లెక్క, కాబట్టి వచ్చిందంతా దాదాపు లాభమే. ఒకరి దగ్గర ఒక లావాదేవీలో 2 లక్షలు అంతకు మించి నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. విదేశం నుంచి డబ్బు వస్తే బ్యాంకు నుంచి రెమిటెన్స్ పత్రం అడిగి దాచుకోండి.

డబ్బు అందాక మర్చిపోయేవి

సైట్‌లో, యాడ్స్ ఎవరి ఖాతావో చెప్పే యాడ్స్ టెక్స్ట్ (ads.txt) ఫైల్‌లో మీ యాడ్‌సెన్స్ పబ్లిషర్ నంబర్ మిగిలిపోకూడదు. కొత్త ఓనరు తప్పుడు క్లిక్‌లు చేయిస్తే వేటు పడేది ఆ నంబర్ మీదే. మీ ఖాతాలో సైట్ల జాబితా నుంచి కూడా తీసేయండి. గూగుల్ సెర్చ్‌లో సైట్ తీరు చూపే సెర్చ్ కన్సోల్‌లో కొన్నవాడు తనంతట తాను వెరిఫై చేసుకున్నాక మీ ఓనర్ హక్కు తీసేయించండి. హోస్టింగ్‌కి, ప్లగిన్లకి కట్టిన కార్డు ఆటోపే ఆపండి, లేదంటే వచ్చే ఏడాది రెన్యువల్ డబ్బు మీ కార్డు నుంచే పోతుంది. సైట్‌లో కాంటాక్ట్ పేజీ మీద మీ ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ ఉంటే ఆ రోజే మార్పించండి.