పవర్ ప్లాంటుకు ట్రాన్స్‌మిషన్ లాస్ ఫ్యాక్టర్ లెక్క కట్టడం ఎలా?

ప్లాంటు నుంచి వంద మెగావాట్లు బయల్దేరాయి, అవతలి సబ్‌స్టేషన్‌కు తొంభై అయిదు చేరాయి, కాబట్టి లాస్ ఫ్యాక్టర్ 0.95. ఈ లెక్క పట్టుకుని వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. కొత్తగా చేరిన ఇంజనీర్లే కాదు, అప్పు ఇచ్చేవాళ్ల కోసం ప్లాంటు మీద రిపోర్టులు రాసేవాళ్లు కూడా ఇదే చేస్తారు. అదే లైను మీద ఆ ప్లాంటు అసలు ఫ్యాక్టర్ 0.90. ప్లాంటు అమ్మే ప్రతి యూనిట్ డబ్బునూ ఈ అంకెతోనే గుణిస్తారు కాబట్టి ఇందులో తప్పు జరిగితే అప్పు కిస్తీ దగ్గరే బయటపడుతుంది.

నేను చెప్పేది తూర్పు ఆస్ట్రేలియా కరెంటు మార్కెట్ పద్ధతి. క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, టాస్మేనియా అని అందులో అయిదు ప్రాంతాలున్నాయి. ప్రతి ప్రాంతానికీ ఒక రెఫరెన్స్ నోడ్ ఉంటుంది. న్యూసౌత్‌వేల్స్‌కు అది సిడ్నీ వెస్ట్ 330 కేవీ సబ్‌స్టేషన్, క్వీన్స్‌లాండ్‌కు సౌత్ పైన్ 275 కేవీ. ధర అక్కడ తేలుతుంది. ఆ ధరను ప్లాంటు మార్జినల్ లాస్ ఫ్యాక్టర్‌తో, అంటే ప్లాంటు ఎక్కించే చివరి మెగావాటులో అక్కడికి చేరే వంతుతో, గుణిస్తే ప్లాంటు చేతికొచ్చే ధర వస్తుంది. సిడ్నీ వెస్ట్‌లో మెగావాట్-అవర్ 80 డాలర్లు, ఫ్యాక్టర్ 0.90 అనుకుంటే ప్లాంటుకు దక్కేది 72 డాలర్లు. మార్కెట్‌ను నడిపే సంస్థ ఏఈఎంఓ ఏటా ఏప్రిల్ 1 లోపు ఈ ఫ్యాక్టర్లను నాలుగు దశాంశ స్థానాల వరకు ప్రకటిస్తుంది. జులై 1 నుంచి ఏడాది పాటు అవి అమల్లో ఉంటాయి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. లోడ్ ఫ్లో, అంటే ఏ లైను మీద ఎంత కరెంటు పారుతుందో తేల్చే లెక్క, చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటి, గ్రిడ్ మోడల్, ఏడాది పొడుగునా ప్రతి అరగంటకూ లోడ్, జనరేషన్ అంకెలు, చివర్లో కూడికలకు ఒక ఎక్సెల్ షీటు. ఏడాదికి 17,520 అరగంటలు. మొత్తం అన్నీ నడపాలి. నాలుగు "టిపికల్" రోజులు ఎంచుకుని సరిపెట్టడం నేను ఒప్పుకోను. ఇవాళ్టి కంప్యూటర్లకు ఇది ఒక రాత్రి పని.

ముందు కాగితం మీద

సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక్క లైనుతో చేత్తో లెక్క వేయండి. ఈ మెట్టు దాటవేసినవాళ్లకు తర్వాత వచ్చే అంకెలు తప్పో ఒప్పో తెలియదు.

132 కేవీ లైను, నిరోధం సుమారు 8.7 ఓమ్‌లు అనుకుందాం. రియాక్టివ్ పవర్ సంగతి వదిలేసి, వోల్టేజి మారదనుకుంటే, నష్టం = 0.0005 × ప్రవాహం × ప్రవాహం. 100 మెగావాట్లు పంపితే పోయేది 5 మెగావాట్లు. ఇక్కడి నుంచే 0.95 పుట్టింది. కానీ నష్టం ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది. 100 మీద ఇంకొక్క మెగావాటు ఎక్కిస్తే అదనంగా పోయేది 0.05 కాదు, సుమారు 0.10. అంటే ఆ చివరి మెగావాటులో 0.90 మాత్రమే అవతలికి చేరుతుంది. మార్కెట్‌లో ధర చివరి మెగావాటు మీదే తేలుతుంది కాబట్టి ఫ్యాక్టర్ కూడా చివరి మెగావాటుదే కావాలి. ఒకే లైను మీద మార్జినల్ నష్టం ఎప్పుడూ సగటు నష్టానికి రెండింతలు. ఇది గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి.

"అయితే పోయిన దానికి రెండింతలు జనరేటర్ల దగ్గర కోస్తున్నారన్నమాట" అని అడుగుతారు. నిజమే. అలా మిగిలిన సొమ్ము ట్రాన్స్‌మిషన్ సంస్థలకు వెళ్లి, వినియోగదారులు కట్టే నెట్‌వర్క్ చార్జీల్లో తగ్గింపుగా తిరిగొస్తుంది. దీన్ని మార్చి సగటు లెక్క పెట్టమని అదానీ రెన్యూవబుల్స్ అడిగింది. అక్కడి మార్కెట్ నియమాలు రాసే కమిషన్ 2020 ఫిబ్రవరిలో కాదని తేల్చి, మార్జినల్ పద్ధతినే ఉంచింది. నా అభిప్రాయంలో అది సరైన నిర్ణయం. సగటు లెక్కలో అంకెలు కుదురుగా ఉంటాయి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇప్పటికే నిండిపోయిన లైను చివర మరో ప్లాంటు కట్టేవాడికి అక్కడ కట్టొద్దని చెప్పే అంకె ఇంకేదీ లేదు.

భారతదేశంలో అంతర్రాష్ట్ర గ్రిడ్ దారి వేరు. 2020 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) నిబంధనల ప్రకారం దేశమంతటికీ వారానికి ఒకే సగటు నష్టం శాతం కడతారు. గ్రిడ్‌లోకి ఎక్కిన యూనిట్ల నుంచి దిగిన యూనిట్లు తీసేసి, ఎక్కినవాటితో భాగించడమే. ఆ కోత కొనేవాళ్ల షెడ్యూల్లో పడుతుంది, జనరేటర్ షెడ్యూల్లో పడదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో లోడ్ డిస్పాచ్ లెక్కలకు అలవాటుపడి వచ్చిన మనవాళ్లు మెల్‌బోర్న్‌లో మొదటి నెలలో తడబడేది ఇందుకే. లాస్ అనగానే చెయ్యి శాతం వైపు వెళ్తుంది.

ఒక్క మెగావాటు నెట్టడం

మామూలుగా తప్పయ్యేది ఈ మెట్టే. వినడానికి మాత్రం చాలా సులువు. ప్లాంటు దగ్గర ఒక మెగావాటు పెంచు, లోడ్ ఫ్లో మళ్లీ నడుపు, రెఫరెన్స్ నోడ్ దగ్గర జనరేషన్ ఎంత తగ్గిందో చూడు. 0.94 తగ్గితే ఫ్యాక్టర్ 0.94.

మొదటి జాగ్రత్త: మీరు పెంచిన మెగావాటుకు బదులు ఎవరు తగ్గారో చూడండి. గ్రిడ్‌లో లైన్లు, ప్లాంట్లు, లోడ్లు కలిసే చోటును బస్సు అంటారు. సాఫ్ట్‌వేర్‌లో స్లాక్ బస్ అని ఒకటి ఉంటుంది, తేడా ఎంత వచ్చినా అది సర్దుకుంటుంది. మోడల్ తయారుచేసినవాళ్లు దాన్ని సాధారణంగా ఏదో పెద్ద థర్మల్ స్టేషన్ దగ్గర పెట్టి వదిలేస్తారు. అలాగే నడిపితే మీకొచ్చే ఫ్యాక్టర్ ఆ థర్మల్ స్టేషన్‌తో పోల్చినది, సిడ్నీ వెస్ట్‌తో పోల్చినది కాదు. స్లాక్‌ను రెఫరెన్స్ నోడ్‌కు మార్చండి. మార్చడం కుదరకపోతే రెఫరెన్స్ నోడ్‌కు కూడా అదే స్లాక్‌తో ఫ్యాక్టర్ కట్టి, దానితో భాగించండి. ప్లాంటుకు 0.94, రెఫరెన్స్ నోడ్‌కు 0.98 వస్తే అసలు ఫ్యాక్టర్ 0.94 ÷ 0.98, అంటే 0.9592. తీసివేస్తే 0.96 వస్తుంది, దగ్గరగానే ఉందనిపిస్తుంది. ఆ "దగ్గరగా" అన్నదాన్ని 80 డాలర్లతో, ఏడాది ఉత్పత్తితో గుణించి చూడండి. భాగించాలి, తీసివేయకూడదు.

రెండోది సాల్వర్ టాలరెన్సు. దీని గురించి ఎవరూ చెప్పరు. ఒక మెగావాటు నెడితే నష్టంలో వచ్చే తేడా 0.06 మెగావాట్లు అనుకోండి. మీ లోడ్ ఫ్లో ప్రతి బస్సు దగ్గరా 0.1 మెగావాట్ల తేడాను వదిలేసి "లెక్క కుదిరింది" అని ఆగితే, మీరు వెతుకుతున్న అంకె ఆ వదిలేసిన తేడాల్లో మునిగిపోతుంది. పదివేల మెగావాట్ల గ్రిడ్‌లో అలాంటి బస్సులు వందల కొద్దీ ఉంటాయి. ఒకసారి నా చేతికొచ్చిన రిపోర్టులో పక్కపక్కనే ఉన్న రెండు ప్లాంట్లకు ఒకే అరగంటకు 0.97 ఒకటి, 0.91 ఒకటి ఉన్నాయి. రెండూ ఒకే సబ్‌స్టేషన్‌కు కట్టిన ప్లాంట్లు. కారణం వెతికితే టాలరెన్సు ఒక్కటే. దాన్ని 0.0001 మెగావాట్లకు దించండి. నెమ్మదిగా నడిచినా పరవాలేదు.

టాలరెన్సు తగ్గించడం ఇష్టం లేక కొందరు ఒకటికి బదులు పది మెగావాట్లు నెడతారు. అది ఒక్క వైపే నెడితే ఇంకో తప్పు. పైన చెప్పిన లైను మీద 60 మెగావాట్ల ప్రవాహం ఉందనుకోండి. సరైన మార్జినల్ నష్టం 0.06. పది పెంచి చూస్తే 0.065 వస్తుంది. పది పెంచి ఒకసారి, పది తగ్గించి ఒకసారి నడిపి, రెండు నష్టాల తేడాను ఇరవైతో భాగిస్తే కచ్చితంగా 0.06 వస్తుంది. నేను ఎప్పుడూ రెండు వైపులా నెడతాను, అది కూడా ఒక్కో మెగావాటే. ఇదే పద్ధతి అనుకోండి.

మూడోది కదిలే సామాను. వోల్టేజిని సర్దే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ చేంజర్లు, కెపాసిటర్ బ్యాంకులు మోడల్‌లో ఆటోమేటిక్‌గా వదిలేసి ఉంటాయి. ఒక్క మెగావాటు పెరగగానే ఎక్కడో ఒక ట్యాప్ ఒక మెట్టు జరుగుతుంది. దానితో ఆ ప్రాంతపు వోల్టేజి, నష్టాలు రెండూ ఒక్కసారిగా మారతాయి. ఆ మార్పు అంతా మీ ప్లాంటు ఖాతాలో పడుతుంది. అసలు కేసు కుదిరాక వాటన్నిటినీ ఉన్నచోట లాక్ చేసి, ఆ తర్వాతే నెట్టండి. ఇతర ప్రాంతాలకు వెళ్లే ఇంటర్‌కనెక్టర్ల ప్రవాహాన్ని కూడా కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే మీ మెగావాటులో కొంత విక్టోరియా వైపు జారిపోతుంది.

ఇవన్నీ లేకుండా లోడ్ ఫ్లో లోపలి జాకోబియన్ (ఒక అంకె కదిలితే మిగతావి ఎంత కదులుతాయో చెప్పే పట్టిక) నుంచే నేరుగా అన్ని బస్సుల ఫ్యాక్టర్లనూ ఒకేసారి తీయవచ్చు. వేలకొద్దీ కేసులు నడిపేటప్పుడు అదే మంచి దారి. అయినా కనీసం పది అరగంటలకు చేత్తో నెట్టి సరిచూడకుండా ఆ అంకెలు ఎవరికీ పంపకండి.

వెయిటేజీ

ప్రతి అరగంటకూ ఒక ఫ్యాక్టర్ వచ్చింది. వీటిని ఏడాదికి ఒక్క అంకెగా మార్చాలి. మామూలు సగటు తీయకూడదు. ప్రతి అరగంట ఫ్యాక్టర్‌ను ఆ అరగంటలో ఆ ప్లాంటు ఉత్పత్తితో గుణించి, అన్నీ కూడి, మొత్తం ఉత్పత్తితో భాగించాలి.

అదే లైను చివర సోలార్ ప్లాంటు, పక్కనే 40 మెగావాట్ల ఊరి లోడ్ ఉందనుకుందాం. పొద్దున ప్లాంటు 30 ఇస్తుంది, ఊరికి మరో 10 బయటి నుంచి రావాలి. ప్లాంటు ఇంకొక్క మెగావాటు ఇస్తే లోపలికి వచ్చేదీ, దాని నష్టమూ తగ్గుతాయి, కాబట్టి ఫ్యాక్టర్ 1.01. మధ్యాహ్నం 100 ఇస్తుంది, 60 బయటికి వెళ్తాయి, ఫ్యాక్టర్ 0.94. రాత్రి ప్లాంటు సున్నా, ఊరికి 40 లోపలికి వస్తాయి, ఫ్యాక్టర్ 1.04. మూడింటి సగటు 0.997. ఎంతో బాగుందనిపిస్తుంది. కానీ రాత్రి ఆ ప్లాంటు ఒక్క యూనిట్ కూడా అమ్మదు. వెయిటేజీ వేస్తే (30 × 1.01 + 100 × 0.94) ÷ 130, అంటే 0.956. రాత్రి పూట గాలి వీచే చోట అదే సబ్‌స్టేషన్‌కు కట్టిన విండ్ ప్లాంటుకు ఇంతకంటే మంచి అంకె వస్తుంది. ఒకే బస్సు దగ్గర రెండు ప్లాంట్లకు రెండు ఫ్యాక్టర్లు ఉండటం తప్పు కాదు, గంటలు వేరైతే అలాగే రావాలి.

ఇప్పుడు పక్కనే 60 మెగావాట్ల ఇంకో సోలార్ ప్లాంటు వచ్చిందనుకోండి. మధ్యాహ్నం బయటికి వెళ్లేది 120, ఫ్యాక్టర్ 0.88కి పడుతుంది. పొద్దున కొత్తది 18 ఇస్తే ప్రవాహం బయటికి 8 అవుతుంది, ఫ్యాక్టర్ 0.992. పాత ప్లాంటు ఏడాది అంకె 0.956 నుంచి 0.906కి దిగింది. పాత ప్లాంటు యజమాని ఏ తప్పూ చేయలేదు, ఒక్క బోల్టు కూడా మార్చలేదు. పశ్చిమ న్యూసౌత్‌వేల్స్, వాయవ్య విక్టోరియాలలో 2018, 2019లలో ఫ్యాక్టర్లు బాగా పడినప్పుడు జరిగింది ఇదే. బలహీనమైన పొడవాటి లైన్ల మీద ఒకేసారి చాలా సోలార్ ప్లాంట్లు వచ్చాయి, అన్నీ మధ్యాహ్నమే ఉత్పత్తి చేస్తాయి.

అందుకే వచ్చే ఏడాదికి ఫ్యాక్టర్ కడుతున్నప్పుడు పాత జనరేషన్ అంకెలు మాత్రమే వాడితే చాలదు. గడిచిన ఆర్థిక సంవత్సరపు లోడ్‌ను ముందు చూపుతో సర్దుకుని, మధ్యలో మొదలయ్యే కొత్త ప్లాంట్లను వాటి తేదీ నుంచి చేర్చి, మూతపడేవాటిని తీసేయాలి. పక్క ప్లాంటు ఇంకా కమిషనింగ్‌లో ఉంది కదా అని వదిలేయడం నేను ఎక్కువగా చూసే పొరపాటు.

బ్యాటరీలు, పంప్డ్ హైడ్రో (నీటిని పైకి తోడి, తర్వాత దించి కరెంటు తీసే ప్లాంటు) ఉంటే చార్జింగ్‌నూ డిశ్చార్జింగ్‌నూ కలపకండి. రెండింటినీ కూడితే నికర ఉత్పత్తి దాదాపు సున్నా అవుతుంది, సున్నాకు దగ్గరి అంకెతో భాగిస్తే ఫ్యాక్టర్ 3 రావచ్చు, మైనస్ కూడా రావచ్చు. వాటికి కొనేటప్పటి ఫ్యాక్టర్ ఒకటి, అమ్మేటప్పటిది ఒకటి విడిగా కట్టాలి.

పంపే ముందు

రెఫరెన్స్ నోడ్‌కు మీ పద్ధతిలోనే ఫ్యాక్టర్ కట్టండి, సరిగ్గా 1.0000 రావాలి. ఒకే సబ్‌స్టేషన్ మీది ప్లాంట్లకు ఏ ఒక్క అరగంటకైనా ఒకే ఫ్యాక్టర్ రావాలి. ఏడాదిలో అత్యధిక, అత్యల్ప ఫ్యాక్టర్ వచ్చిన అరగంటలు చెరో పది తీసి, ఆ సమయంలో లైను మీద ప్రవాహం ఎటు ఉందో చూడండి. బయటికి వెళ్తుంటే 1 కంటే తక్కువ, లోపలికి వస్తుంటే 1 కంటే ఎక్కువ. తిరగబడి ఉంటే మోడల్‌లో ఎక్కడో గుర్తు ప్లస్‌కు బదులు మైనస్ పడింది, లేదా మీటరు డేటాలో సమయం జరిగింది. టైమ్ స్టాంప్ ఒక గంట అటూ ఇటూ అయితే సోలార్ ప్లాంటుకు మధ్యాహ్నపు ఉత్పత్తి మీద తప్పు గంట ఫ్యాక్టర్ పడుతుంది. క్వీన్స్‌లాండ్ గడియారాలు మార్చదు, న్యూసౌత్‌వేల్స్ వేసవిలో ఒక గంట ముందుకు జరుపుతుంది. మార్కెట్ సమయం మాత్రం ఏడాదంతా బ్రిస్బేన్ సమయమే. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు ఉన్న డేటాను విడిగా తీసి ఒకసారి చూసుకోండి.