మొరాండీలా సీసాల బొమ్మ వేయాలంటే ముందు బల్ల సర్దండి

చిత్రకారుడు జార్జో మొరాండీ 1890లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టి, 1964లో అక్కడే కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు. ఫొందాజ్జా వీధిలోని ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లతో కలిసి ఉన్నాడు. పడక గదే ఆయన స్టూడియో. 1930 నుంచి 1956 దాకా అక్కడి లలితకళల అకాడమీలో ఎచింగ్ (లోహపు రేకు మీద ఆమ్లంతో బొమ్మ చెక్కి అచ్చు తీసే కళ) నేర్పాడు. 1948లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో చిత్రకళ బహుమతి అందుకున్నాడు. ఇంత పేరొచ్చినా బల్ల మీద అవే సీసాలు, డబ్బాలు, కూజాలు. ఆయన పద్ధతిలో వేయాలంటే రంగుల కంటే సర్దుడుకే ఎక్కువ సమయం పెట్టాలి.

సామాను అయిదింటికి మించొద్దు: పొడుగు సీసాలు రెండు, చతురస్రపు డబ్బా ఒకటి, కూజా ఒకటి, చిన్న గిన్నె ఒకటి. గాజు మెరుపు ఉంటే కన్ను ఆకారాన్ని వదిలి మెరుపు మీదకు పోతుంది. అందుకే మొరాండీ సీసాలకు మెరుపులేని రంగు పూసేవాడు, వాటి మీద పేరుకున్న దుమ్మునూ తుడిచేవాడు కాదు. మీరు సీసాను సబ్బుతో కడిగి, బాగా ఆరాక, మ్యాట్ ప్రైమర్ (మెరుపులేని అడుగు పూత రంగు) పలుచగా రెండు పూతలు వేయండి. మందంగా ఒకే పూత వేస్తే గాజు మీద నిలవక పెచ్చులూడుతుంది.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ఉత్తరం వైపు కిటికీ పక్కన పెట్టండి. వెలుగు ఘాటుగా ఉంటే పలుచని మల్లు గుడ్డ అడ్డం కట్టండి. ట్యూబ్‌లైట్ తప్పనిసరిగా ఆపేయాలి, లేకపోతే నీడలు రెండు వైపులా పడి ఆకారాలు పలచబడతాయి.

ఇక అసలు పని. ఒక్కో వస్తువునూ అర అంగుళం చొప్పున జరుపుతూ, కళ్లు సగం మూసి చూడండి. సీసా అంచు, వెనక డబ్బా అంచు నూలుపోగంత ఎడంతో పక్కపక్కన నిలిస్తే చూపు అక్కడే చిక్కుకుంటుంది. ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఒకదాని మీదకు ఇంకొకటి స్పష్టంగా రావాలి, లేదా రెండు అంచులూ పూర్తిగా ఒకే గీత కావాలి. మొరాండీ రెండో దారిని కావాలనే పట్టేవాడు. అలా కలిస్తే ఏది ముందుందో, ఏది వెనకుందో తేలక, వస్తువుల మధ్య ఖాళీకి కూడా వస్తువంత బరువొస్తుంది. కుదిరాక, ప్రతి వస్తువు అడుగు చుట్టూ కాగితం మీద పెన్సిల్ గీత గీయండి. ఆయన బల్ల మీదా ఇలాంటి గుర్తులే ఉండేవి. ఎవరైనా పొరపాటున కదిపినా తిరిగి అదే చోట పెట్టొచ్చు.

కాన్వాస్ 30 × 40 సెంటీమీటర్లు చాలు. ఆయిల్ రంగులు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, లైట్ రెడ్, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరీన్. అల్ట్రామెరీన్ 1 పాలు, అంబర్ 1 పాలు, తెలుపు 6 పాళ్లు కలిపితే మధ్యరకం బూడిద వస్తుంది. దాన్ని మూడు కుప్పలు చేయండి: ఒకదానికి చిటికెడు ఓకర్, ఇంకొకదానికి చిటికెడు లైట్ రెడ్ కలిపి, మూడోది అలాగే ఉంచండి. ఒకే బూడిద అంతటా వాడితే బొమ్మ సిమెంటు గోడలా తయారవుతుంది. తెల్ల సీసాకు కూడా ట్యూబులోని తెలుపు నేరుగా వాడొద్దు, సున్నం కొట్టినట్టుంటుంది. అన్నిటికంటే వెలుగు పడే ఒక్క చోటు కోసం దాన్ని దాచుకోండి.

గీత గీసి లోపల నింపకండి. 6 నంబరు ఫ్లాట్ బ్రష్‌తో ముందు నీడలు వేసి, తర్వాత వెనక గోడ రంగును సీసా దాకా తీసుకురండి. తడి మీద తడి తగిలి, అంచు కాస్త వణికినట్టు వస్తుంది. సరిదిద్దకండి, గాలి ఆడేది అక్కడే. రంగు పలచన చేయడానికి టర్పెంటైన్ మాత్రమే, అదీ కొద్దిగా. లిన్‌సీడ్ (అవిసె) నూనె ఎక్కువైతే ఆరాక మెరుస్తుంది, సీసాల మీద పోగొట్టిన మెరుపు బొమ్మ మీదకొస్తుంది.

పూర్తయినా బల్ల ఖాళీ చేయకండి. మర్నాడు గిన్నెను మాత్రం ఒక అంగుళం పక్కకు జరిపి, పాత పెన్సిల్ గీత అలాగే ఉంచి, కొత్త కాన్వాస్ మొదలుపెట్టండి.