పశువును గాయపరిచారా? గాయాల ధ్రువపత్రానికి దరఖాస్తు ఇలా

చేలో పడిందని పొరుగువాడు గేదె తొడ మీద గొడ్డలి విసిరాడనుకోండి. మనవాళ్ల చెయ్యి ముందు పోయేది పసుపు డబ్బా మీదికే. మందుగా మంచిదో కాదో తర్వాత మాట, కేసు మాత్రం అక్కడే సగం పోతుంది. పసుపు కింద గాయం అంచు కనపడదు. అంచు కనపడందే అది గొడ్డలి వేటో, ముళ్లకంచె చీరుడో డాక్టరు తేల్చి రాయలేడు.

అందుకే ముందు ఫొటోలు తీయండి. చెవి ట్యాగు కనపడేలా పశువు మొత్తం ఒకటి, గాయం పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి. రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనానికి ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ అదే నంబరు. కేసు కోసం వైద్యం ఆపొద్దు. కుట్లు వేసే ముందు కొలతలు రాసుకోమని మాత్రం అడగండి.

చాలామంది నేరుగా పశువైద్యశాలకు వెళ్లి సర్టిఫికెట్ ఇవ్వమంటారు. అక్కడ చేతికొచ్చేది చికిత్స చీటీ. కోర్టుకు పనికొచ్చే గాయాల ధ్రువపత్రం పోలీసుల లేఖ మీద ఇస్తారు కాబట్టి మొదటి అర్జీ స్టేషన్‌లోనే. తెల్లకాగితం చాలు. పశువు జాతి, వయసు, రంగు, 12 అంకెల ట్యాగు నంబరు, రోజుకిచ్చే పాలు, గాయం ఎప్పుడు ఎక్కడ చూశారు, ఎవరు చూశారు అన్నవి రాసి, పశువైద్యాధికారి పరీక్షకు పంపమని చివర అడగండి.

సెక్షన్ దగ్గర కాస్త పట్టుపట్టాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఒక్కటే పెడితే మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంతే! పశువును చంపినా, అవిటి చేసినా, పనికిరాకుండా చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది. 2024 జూలై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీ 428, 429 వర్తిస్తాయి. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోమంటే అర్జీని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి.

పరీక్షలో డాక్టరు గాయం చుట్టూ వెంట్రుక గీయిస్తాడు, కంగారుపడకండి. నల్లటి గేదె తోలు మీద కమిలిన మచ్చ పైకి తెలియదు. పదునైన ఆయుధం వేటుకు అంచులు నున్నగా, వెంట్రుకలు తెగి ఉంటాయి. కర్ర, రాయి దెబ్బకు అంచులు నలిగి, లోపల పోగులు తెగకుండా వేలాడతాయి. పురుగులు పడి ఉంటే వాటి సైజు కూడా గాయం వయసు చెబుతుంది. వాటిని మీరే ఏరి పారేయకండి.

పశువు చనిపోతే తోలు తీయొద్దు, పూడ్చొద్దు. పంచనామా అయ్యాక పగటి వెలుతురులోనే కోత (పోస్ట్‌మార్టం). విషం అనుమానం ఉంటే కాలేయం, మూత్రపిండం, పొట్టలోని మేత ఉప్పునీటిలో సీలు చేసి పోలీసుల ద్వారానే ల్యాబ్‌కు వెళ్తాయి. ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఆ కళేబరాన్ని ఎవరూ కోయకూడదు, డాక్టరుకు ముందే చెప్పండి.

ధ్రువపత్రం స్టేషన్‌కే వెళ్తుంది, నకలు అక్కడే అడగాలి. గాయం మానాక కూడా కాలు ఈడుస్తుంటే రెండో పరీక్షకు మళ్లీ అర్జీ పెట్టండి. ‘పనికిరాకుండా పోయింది’ అన్న మాట మొదటి రోజు కాగితంలో ఉండదు.