చిత్త కార్తెలోనే గేర్‌బాక్సు చూసుకోండి

తుపాను వార్త వినగానే పాత కారున్నవాళ్లు టార్పాలిన్ వెతుకుతారు, బ్యాటరీ విప్పి ఇంట్లో పెడతారు. గేర్‌బాక్సు ఎవరికీ గుర్తురాదు. నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, ఇక మన రోడ్ల సంగతి చెప్పేదేముంది! అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో ఉన్నవారు చిత్త కార్తెలోనే ఒక పూట గేర్‌బాక్సు కోసం కేటాయించాలి.

బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, గేర్‌బాక్సు ఆయిల్ వేడిగా ఉండగానే దించండి. అయితే ముందుగా, ఆయిల్ పోసే రంధ్రానికున్న ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలి. ఉన్న ఆయిలంతా వదిలేశాక అది తుప్పుపట్టి కదలకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. దించిన ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పట్టి ఎండలో పెట్టి చూడండి. మజ్జిగ కలిపినట్టుంటే నీళ్లు చేరాయి. పసుపుపచ్చగా మెరిస్తే, గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతున్నాయి. పళ్లెంలో అయస్కాంతం తిప్పితే కాటుకలాంటి మెత్తటి ముద్ద అంటుకోవడం మామూలే. చేప పొలుసుల్లాంటి రేకులు అంటుకుంటే మాత్రం భయపడాల్సిందే.

ఆ పొలుసులు ఎక్కువగా లే షాఫ్టువే, అంటే ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పోయే మెయిన్ షాఫ్టుకు అందించే గేర్లను మోసే కడ్డీవి. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఈ షాఫ్టు తిరగదు. దాని మీద సూదుల్లాంటి సన్నటి నీడిల్ రోలర్ల ఆధారంతో గేర్ల గుత్తి తిరుగుతుంది. అందుకే బరువంతా ఎప్పుడూ షాఫ్టుకు ఒకే పక్కన పడుతుంది. పైన గట్టిపరచిన పొర పలచన, లోపలిది మెత్తటి ఉక్కు. ఆయిల్ తగ్గినా, నీళ్లు కలిసినా ముందు ఆ పొర లేస్తుంది. ఒకటి, రెండు, మూడు గేర్లలో మూలిగే బండి టాప్ గేరులో నిశ్శబ్దమైపోతే అనుమానం దీని మీదే. టాప్‌లో శక్తి నేరుగా మెయిన్ షాఫ్టుకు పోతుంది, లే షాఫ్టు మీద భారం ఉండదు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికే షాఫ్టుల్లో లేతు మీద తీసి, గట్టిపరచకుండా అమ్మేవీ ఉంటాయి. కొనేముందు అంచున ఆకురాయితో ఒక్కసారి గీయండి. జారిపోతే మంచిది, కొరికితే వెనక్కి ఇచ్చేయండి. షాఫ్టు మారిస్తే రోలర్లూ మార్చాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

కొత్త ఆయిల్ దగ్గర మెకానిక్కులు చేసే పొరపాటు ఒకటుంది. వెనక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్‌కు తెచ్చిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ డబ్బాలో మిగిలింది గేర్‌బాక్సులో పోసేస్తారు. దానిలోని గంధకపు రసాయనాలు వేడికి ఇత్తడి, కంచు భాగాలను తినగలవు. పైగా మరీ జారుడు కావడం వల్ల సింక్రోలు పట్టక గేర్లు కరకరమంటాయి. మాన్యువల్ ఏది చెబితే అదే పోయండి. ఆ కాలపు బ్రిటిష్ గేర్‌బాక్సుల్లో కొన్నింటికి ఇంజిన్ ఆయిలే పోయమని ఉంటుంది, ఆశ్చర్యపోకండి. లెవెల్ దాటించవద్దు. ఎక్కువైనది సీళ్లు దాటి క్లచ్ ప్లేటు మీదికి పోతుంది.

వేడెక్కిన గేర్‌బాక్సు చల్లటి వరద నీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, గాలి రంధ్రం నుంచీ సీళ్ల నుంచీ నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి వాగు దాటిన బండిని మర్నాడే ఆయిల్ దించి చూడాలి.

అన్నిటికంటే పెద్ద గండం తాడు. ఒక వానాకాలం మా అంబాసిడర్ ఆగిపోతే మనుబోలు నుంచి నెల్లూరు దాకా ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చాం. న్యూట్రల్‌లోనే ఉంది కదా అనుకున్నాం. ఇంజిన్ ఆగితే లే షాఫ్టు గేర్లు తిరగవు. ఆయిల్‌ను పైకి చిమ్మేది అవే. వెనక చక్రాలు మాత్రం మెయిన్ షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి, అదీ పొడిగా. విప్పి చూస్తే బుష్షు నల్లగా మాడిపోయి ఉంది, మెయిన్ షాఫ్టు మీద గోటికి తగిలేంత గాడి.

లాగాల్సివస్తే వెనక చక్రాలు పైకెత్తించండి. కుదరకపోతే గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు డిఫరెన్షియల్ దగ్గర విప్పి, షాఫ్టు జారకుండా పక్కకు గట్టిగా కట్టేయండి. విప్పేముందు బోల్టులు కలిపే రెండు ఫ్లాంజుల (బిళ్లల) మీద ఒకే గీతగా పెయింట్ గుర్తు పెట్టుకోవాలి. ఆ బోల్టులను ఇప్పుడే ఒకసారి వదులుచేసి, నూనె రాసి, మళ్లీ బిగించి పెట్టండి. కురిసే వానలో, కారు కింద బురదలో పడుకుని తుప్పుపట్టిన బోల్టుతో కుస్తీ పట్టడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.