ఓడ ప్రయాణంలో ఇస్త్రీ పెట్టె లేకుండా బట్టలు ముడత పడకుండా ఉంచుకోవడం ఎలా?

మడత వేరు, ముడత వేరు. మడత మనం వేసేది, ముడత దానంతట అది పడేది. ఈ తేడా తెలియనివాళ్ళే సూట్‌కేసు నిండా బట్టలు కుక్కేసి ఓడెక్కుతారు. తీరా ఫార్మల్ నైట్ రోజు, అంటే అందరూ ముస్తాబై భోజనానికి రావాల్సిన రోజు, సాయంత్రం ఐదింటికి మా గది తలుపు కొడతారు: "వదినా, ఇస్త్రీ పెట్టె తెచ్చావా?"

తేలేదు. తేకూడదు కూడా. సముద్రం మధ్యలో అగ్గి పుడితే పరిగెత్తడానికి చోటుండదు. అందుకే పెద్ద క్రూయిజ్ ఓడల్లో ఇస్త్రీ పెట్టెలు, బట్టల స్టీమర్లు గదిలోకి రానివ్వరు. రేవులోనే సామానంతా స్కాన్ చేసి, దొరికినవి తీసుకుని, దిగే రోజు తిరిగిస్తారు. మొదటిసారి అలాస్కా వెళ్ళినప్పుడు నేనూ చిన్న పెట్టెను తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళాను. నా సూట్‌కేసు గదికి రాలేదు. కింది డెక్‌లో ఒక గదికి పిలిచారు. క్రూయిజ్ జనం దాన్ని ముద్దుగా 'నాటీ రూమ్' అంటారు. అక్కడ అందరి ముందూ సూట్‌కేసు తెరిచి చూపించాల్సి వచ్చింది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. 100 మిల్లీలీటర్ల ఖాళీ స్ప్రే సీసా, నాలుగు అయస్కాంతపు కొక్కేలు (గది గోడలు చాలావరకు ఉక్కువే, అంటుకుంటాయి), ఐదారు హేంగర్లు, డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన పాలిథిన్ కవర్లు, ఒక పాత లుంగీ. లుంగీ ఎందుకో చెప్తాను.

గంజి పెట్టిన నేత చీరలు ఇంట్లోనే ఉంచండి. మంగళగిరి ఎంత అందమైనదైనా పెట్టెలో ఒక రాత్రి ఉంటే అప్పడంలా విరుగుతుంది. జార్జెట్, క్రేప్, మెత్తటి పట్టు చాలు. లినెన్ చొక్కా వేసుకునే మగవాళ్ళతో నేను ఓడెక్కను, అంతే.

టీషర్టులు, జీన్సులు చుట్టలు చుట్టేయండి. చొక్కాలు, కుర్తాలు ఒక్కొక్కటీ పాలిథిన్ కవరులో పెట్టి పరవండి. బట్టకీ బట్టకీ రాపిడి లేకపోతే సగం ముడతలు పుట్టనే పుట్టవు. చెప్పులు చక్రాల వైపు. పట్టుచీరను వెడల్పుగా మడిచి, మడత మధ్యలో లుంగీని చుట్టగా పెట్టండి. మడత గుండ్రంగా వంగుతుంది, జరీ విరగదు. ఆ చీర మాత్రం చేతిసంచిలోనే.

మొదటి రాత్రి భోజనానికి కట్టుకునేవీ చేతిసంచిలోనే ఉండాలి. రేవులో ఇచ్చిన సూట్‌కేసు గదికి వచ్చేసరికి ఒక్కోసారి చీకటి పడుతుంది. రాగానే తెరిచి అన్నీ తగిలించండి. "బఫేకి వెళ్ళొచ్చాక చూద్దాంలే" అన్నవాళ్ళు తెల్లారేదాకా చూడరు.

ఇక అందరూ చెడగొట్టే పని: నీళ్ళు కొట్టి ముడత తీయడం.

నూలు పోగుల్లోని అణువుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడి తగిలితే సడలుతాయి, ఆరేటప్పుడు బట్ట ఎలా ఉంటే అలాగే మళ్ళీ బిగుసుకుంటాయి. అంటే ముడతను తీసేది నీళ్ళు కాదు, ఆరేటప్పుడు బట్ట తిన్నగా ఉండటం. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక.

పట్టు మీద నీళ్ళు కొట్టకండి. మరక పడుతుంది. పట్టుచీరను ముందురోజే తగిలించి వదిలేయండి. రేయాన్ తడిస్తే బలహీనపడుతుంది, కాబట్టి దాన్ని లాగకండి. ఈ పద్ధతి నూలుకీ, నూలు కలిసిన బట్టకీ మాత్రమే. కొత్త బట్టయితే లోపలి అంచు మీద ఒక చుక్క వేసి, రంగు దిగుతుందేమో చూసుకోండి.

చొక్కాను హేంగరుకి వేసి పై రెండు గుండీలు పెట్టండి. సీసాను మూరెడు దూరంలో పట్టుకుని, మంచు పడ్డట్టు కొట్టాలి. మన వీధి ఇస్త్రీ బండి దగ్గర చేత్తో చిలకరిస్తారే, అలా కాదు. అక్కడ ఆ నీళ్ళని ఆవిరి చేయడానికి బొగ్గుల పెట్టె ఉంది, మీకు లేదు. బట్ట చెమ్మగిల్లాలి గానీ నీళ్ళు కారకూడదు.

ముందు కుట్ల దగ్గర మొదలుపెట్టండి: కాలరు, గుండీల పట్టీ, చేతుల అంచులు. కుట్టు తిన్నగా లేకుండా బట్ట తిన్నగా ఉండదు. తర్వాత ఒక అరచేయి లోపల, ఒకటి పైన పెట్టి కిందికి నిమరండి. లాగితే నిలువుగా లేదా అడ్డంగా, అంటే పడుగు వెంట, పేక వెంట. ఐమూలగా లాగారా, చొక్కా సాగి ఒక పక్కకి వేలాడుతుంది. మా మరిది చొక్కా ఒకటి ఇప్పటికీ అలాగే ఉంది.

అసలు తప్పు ఆ తర్వాత చేస్తారు. సగం ఆరగానే వేసేసుకుంటారు. ఇంకా చెమ్మ ఉన్న బట్ట మోచేతి దగ్గర, నడుము దగ్గర ఒంటి మీదే ఆరి, కొత్త ముడతలతో బిగుసుకుంటుంది. సాయంత్రం ఏడింటికి భోజనమైతే మధ్యాహ్నమే ఈ పని ముగించండి. కాలరు ఒక్కటీ ఆరకపోతే గదిలోని హెయిర్ డ్రయ్యర్ చూపించొచ్చు.

స్నానాలగదిలో వేడినీళ్ళు వదిలి ఆవిరికి తగిలిస్తే చాలంటారు కొందరు. ఓడలో స్నానాలగది బీరువా అంత ఉంటుంది. గాలిని లాగే పంకా ఆగదు, ఆవిరి నిలవదు. పైగా ఆ మంచినీళ్ళలో చాలా భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసి తయారుచేసుకున్నవి. ఒకవేళ చొక్కా తడిసినా దాన్ని నిమిరేవాళ్ళు లేరు, కాబట్టి తడిసిన ముడతే మిగులుతుంది.

ఇవేవీ చేతకాకపోతే గది చూసే స్టివార్డ్‌కి ముందురోజే ఇవ్వండి, బట్టకింత అని తీసుకుని ఇస్త్రీ చేయించి ఇస్తారు. ప్రిన్సెస్ అనే కంపెనీ ఓడలయితే ప్రయాణికులు వాడుకునే లాండ్రీ గదుల్లో ఇస్త్రీ బల్ల కూడా ఉంటుంది. అక్కడ ఫార్మల్ నైట్ రోజు మధ్యాహ్నం వరుస చూస్తే నా స్ప్రే సీసా విలువ తెలుస్తుంది.

చివరి రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, రాత్రికి రాత్రే తీసుకుపోతారు. మర్నాడు వేసుకునేవి మాత్రం గదిలో ఉంచుకోండి. మా ఆయన ప్యాంటుతో సహా అన్నీ సర్దేసి బయట పెట్టేశారు. సియాటిల్ రేవులో లుంగీతో దిగారు. నా పట్టుచీర మడతలోంచి తీసిన లుంగీ. ఒక్క ముడత లేదు.