మియాటా గేర్ రాడ్ ఊగులాట ఇలా పోయింది

నాది 1992 మోడల్ మాజ్డా మియాటా. గేరు వేశాక కూడా రాడ్ అటూ ఇటూ ఊగేది. మూడో గేరులో ఉందో, న్యూట్రల్‌లో ఉందో చేతికి తెలిసేది కాదు. పైగా కారు లోపల ఆయిల్ వాసన, మోకాలి పక్కన వేడి.

గేర్‌బాక్స్ పోయిందని టెన్షన్ పడక్కర్లేదు. ఇందులో కేబుళ్లు లేవు, రాడ్ నేరుగా గేర్‌బాక్స్‌లోకే దిగుతుంది. దాని కింది గుండుకు చిన్న ప్లాస్టిక్ బుష్ (తొడుగు) ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అరిగి విరిగేది అదే.

బండి చల్లారాక న్యూట్రల్‌లో పెట్టి, నాబ్, కన్సోల్ విప్పాను. రాడ్ చుట్టూ ఉండే పై రబ్బర్ బూట్‌కు (తొడుగుకు) నాలుగు బోల్టులు, కింది బూట్‌కు మూడు, అన్నీ పదో నంబరువే. రాడ్ పైకి లాగితే గుండు బోడిగా వచ్చింది! బుష్ ముక్కలు రాడ్ దిగే గుంత అడుగున నల్లటి ఆయిల్‌లో మునిగి ఉన్నాయి. పొడవాటి పట్టకారుతో వాటిని ఏరడమే అసలు పని, మిగతాదంతా స్పానర్ తిప్పడమే. ఒక్క ముక్కా వదలకూడదు.

పాత ఆయిల్‌ను సిరంజితో లాగేసి, కొత్త 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ సుమారు 90 మిల్లీలీటర్లు పోశాను. ఈ గుంతలోని ఆయిల్ గేర్‌బాక్స్ ఆయిల్‌తో కలవదు, వేరుగా మార్చాల్సిందే. చాలామందికి ఆ సంగతే తెలియదు.

కొత్త బుష్ గుండుకు నొక్కి బిగించాను. చిరిగిన కింది బూట్ కూడా మార్చాను. వాసన, వేడి వచ్చింది ఆ చిరుగులోంచే. కొనేటప్పుడు రెండూ కలిపే తీసుకోండి.